మీరు చేసే పనేంటో పిల్లలకు చెప్పండి
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. పిలిచిన లైబ్రేరియన్ గారికి, పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు కృతజ్ఞతలు.

నాకిచ్చిన విషయం ‘పిల్లలు – పొదుపు’. ఒక గల్లగురిగి కొనివ్వండి, రోజూ రూపాయి వేయించండి అని చెప్పి కూర్చోవచ్చు. కానీ ఆ రూపాయి ఇంట్లోకి ఎట్లా వచ్చిందో తెలియని పిల్లలకు పొదుపు గురించి ఏం చెప్తాం? అందుకే నేను సంపాదన గురించి మాట్లాడతాను, నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు.

డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయని ఒకటో తరగతి పిల్లల్ని అడిగితే ఒకప్పుడు బ్యాంకు అనేవాళ్లు, తర్వాత ఏటీఎం అన్నారు, ఇప్పుడు ఫోన్ అంటున్నారు. వాళ్ల తప్పేం లేదు. 2016లో యూపీఐ వచ్చాక ఇంట్లో నోటు కనబడటమే తగ్గింది. కొట్టు దగ్గర ఫోన్ చూపిస్తే బిస్కెట్ ప్యాకెట్ చేతికొస్తుంది. నాన్న అకౌంట్లో తగ్గింది పిల్లవాడికి కనిపించదు, అందులోకి ఎట్లా చేరిందో అసలే కనిపించదు.

ఇక నేను చెప్పాలనుకుని వచ్చిన మాట. నేను పనిచేసిన ఒక బడిలో అడ్మిషన్ల రోజు, ఒక తండ్రి కొడుకుని తీసుకొచ్చాడు. ఫారంలో తల్లి చేసే పని అనే గడి ఉంటుంది. ‘ఏం చెయ్యదు మేడమ్, ఇంట్లనే ఉంటది’ అన్నాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది. చూపుడువేలు మీద దారం కోసుకుపోయిన గీతలున్నాయి. మన నిజామాబాద్ జిల్లాలో ఆ గీతలు ఎక్కడివో ఎవరికీ చెప్పక్కర్లేదు. బీడీ చేయాలంటే తునికాకు తడిపి, రేకు పెట్టి కత్తెరతో కోసి, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. కట్టకు 25 బీడీలు, వెయ్యి బీడీలంటే 40 కట్టలు. కార్ఖానాలో బాగాలేవని తీసేసినవి లెక్కలోకి రావు, ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బులు పెట్టి కొనుక్కోవాలి. అదంతా చేసే మనిషి ఏం చెయ్యదట! అంతటితో ఆగలేదు, పిల్లవాడి వైపు తిరిగి ‘మంచిగ చదువు, లేకుంటే మీ అమ్మ లెక్క బీడీలు చుట్టుకుంట కూసుంటవ్’ అన్నాడు. ఆ పిల్లవాడి పలకా బలపం ఆ బీడీల డబ్బులతోనే కొన్నారు.

ఈ మాట మనందరి నోళ్లలోనూ ఉంది. చదవకపోతే కూలికి పోతావ్, గేదెలు కాస్తావ్, హమాలీ అవుతావ్. దయచేసి ఈ బెదిరింపు మానండి. పిల్లలు బాగా చదవాలి, ఇంకా మంచి పనుల్లోకి వెళ్లాలి, నేనూ అదే కోరుకుంటాను. కానీ తనకు అన్నం పెడుతున్న పనే తప్పు చేస్తే పడే శిక్ష అని ఐదేళ్లప్పుడే నేర్పితే, రేపు అమ్మ బడికొచ్చినప్పుడు ఆ పిల్లవాడు మొహం తిప్పుకుంటాడు. నేను చూశాను, తిప్పుకున్నారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, పని చూపించండి అంటే చేయించండి అని కాదు. బాల కార్మిక చట్టం 1986లోనే వచ్చింది, బీడీల తయారీ ఆ నిషేధపు జాబితాలో ఉంది. చాట ముందు కూర్చోబెట్టొద్దు. లెక్క చెప్పండి చాలు. ఇవాళ ఎన్ని కట్టలు అయ్యాయి, ఎన్ని తీసేశారు, ఎంత ఇచ్చారు.

గల్ఫ్ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ అంటే ‘దుబాయి పోయిండు’ అంటారు. పోయి ఏం చేస్తాడమ్మా అంటే తెలియదు. నెలనెలా డబ్బులు, రెండేళ్లకోసారి చాక్లెట్లూ బొమ్మలూ, అంతే. ఎండలో ఇనుప చువ్వలు కట్టే మనిషి వీడియో కాల్లో మాత్రం ఏసీ గదిలో కూర్చుని నవ్వుతాడు, పిల్లలు బాధపడతారని. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ అన్నా, ఒక్కసారి సెలవు రోజున నీ హెల్మెట్ చూపించు, కట్టిన బిల్డింగు చూపించు, జీతంలోంచి గదికీ తిండికీ ఎంత పోతుందో, వీసా కోసం చేసిన అప్పుకు ఎంత పోతుందో చెప్పు. మూడో తరగతి పిల్లలకు తీసివేతలు వచ్చు.

పసుపు రైతులూ అంతే. జూన్లో పెట్టిన పసుపు సంక్రాంతి దాటాక తవ్వుతాం, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్ యార్డుకు తీసుకుపోతాం. పసుపు బోర్డు కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన జిల్లా మనది, 2025లో ఇక్కడికే వచ్చింది, సంతోషం. కానీ మన పిల్లలకు పసుపు డబ్బులెట్లా అవుతుందో తెలుసా? లక్ష రూపాయల సరుకు అమ్మారనుకోండి, పిల్లలు లక్ష వచ్చిందనుకుంటారు. విత్తనం, ఎరువు, కూలీలు, ట్రాక్టర్ కిరాయి, హమాలీ, కమీషన్, కౌలు భూమైతే కౌలు, ఒక్కొక్కటీ వాళ్లతోనే కాగితం మీద రాయించి లక్షలోంచి తీసేయించండి. మిగిలిందే సంపాదన, అదీ దాదాపు తొమ్మిది నెలలకు.

ఒక పాప నన్నే అడిగింది, ‘టీచర్, మీకు డబ్బులు ఎవరిస్తారు?’ అని. ప్రభుత్వం అన్నాను. ప్రభుత్వానికెవరిస్తారు అంది. నువ్వు కొన్న బిస్కెట్ ప్యాకెట్ మీద పన్ను ఉంది కదా, అందులో కొంచెం నాకొస్తుంది అన్నాను. ఆ పాప చాలాసేపు నా వైపు చూసి, అయితే రేపు లెక్కలు మళ్లీ చెప్పండి, అర్థం కాలేదు అంది. అడిగే హక్కు ఉందని పిల్లకు తెలిసింది. నాకు అంతకంటే ఏం కావాలి!

టైం అయిందని చీటీ పంపారు. పొదుపు గురించి చెప్పలేదు, ఇంకొకరు చెప్తారు. పిల్లలూ, ముందుకు రండి. మొదటి వరసలో ఉన్న అన్న మార్కెట్ యార్డులో హమాలీ. రోజుకు ఎన్ని బస్తాలు ఎత్తుతాడు, బస్తాకు ఎంత, ఎవరిస్తారు, సీజన్ లేనప్పుడు ఇల్లు ఎట్లా నడుస్తుంది, అన్నీ అడగండి. అన్నా, ఈ మైకు తీసుకో.