మేడగది చల్లబడాలి, ఎత్తు తగ్గకూడదు: ఏది వేయించాలి?

నమస్కారమండీ. వెనకాల కొబ్బరిచెట్లు చూసి ఇక్కడ చల్లగా ఉందనుకోకండి. మే నెలలో అమలాపురమైనా భీమవరమైనా మేడగదిలో అర్ధరాత్రి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. పగలంతా కాలిన శ్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. దానికి తోడు మన ఉక్కపోత. అలాగని మేడగదిని వదిలేయలేం, వరదొస్తే లంక ఊళ్లలో అదే దిక్కు.

అందరూ ముందు అడిగేది ఫాల్స్ సీలింగ్. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఫ్రేము, లైట్లు, బోర్డు కలిపి అరడుగు పైనే తినేస్తుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మామూలు గదికి 2.75 మీటర్లు, అంటే సుమారు 9 అడుగుల ఎత్తు ఉండాలి. ఏసీ గదికైతే 2.4 మీటర్లు చాలు. ఫ్యాను రెక్కలకీ సీలింగుకీ మధ్య అడుగు ఖాళీ లేకపోతే గాలి సరిగా రాదు. ఇక ఆ ఫ్యాను కింద చేతులెత్తి చొక్కా తొడుక్కునేవాడి సంగతి మీరే ఆలోచించండి.

నా ఓటు శ్లాబు పైన పరిచే ఎక్స్‌పీఎస్ షీట్లకి, అంటే థర్మోకోల్ లాంటిదే కానీ ఇంకా గట్టిగా ఉండే ఫోమ్ పలకలకి. మందం 50 మిల్లీమీటర్లే, కానీ వేడిని ఆపడంలో దాదాపు రెండున్నర మీటర్ల కాంక్రీటుతో సమానం. గది ఎత్తులో అంగుళం కూడా పోదు. ఎండ వేడి శ్లాబు దాకా చాలావరకు చేరదు కాబట్టి రాత్రి వదలడానికి దానిలో పెద్దగా ఏమీ ఉండదు. అదే షీటు కింద అంటిస్తే శ్లాబు పైన కాలుతూనే ఉంటుంది.

ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద షీట్లు, ఆపైన వాలు చూసుకుని కాంక్రీటు, తెల్ల టైల్స్. ఎక్స్‌పీఎస్ నీళ్లు పెద్దగా తాగదు. రాతిని కరిగించి దూదిలా చేసే రాక్‌వూల్ మాత్రం తడిసిందా, పని చేయదు.

ఇబ్బందులూ ఉన్నాయి. డాబా నాలుగైదు అంగుళాలు లేస్తుంది, పిట్టగోడ ఆ మేరకు తగ్గుతుంది. మెట్లగది గడప, వాన గొట్టాల నోళ్లు ముందే చూసుకోవాలి. బరువు సంగతి ఇంకా ముఖ్యం. 2 అంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకి దాదాపు 120 కిలోలు. లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతున్న పాత శ్లాబు మీద ఇంజనీరుకి చూపించకుండా ఇది ఎక్కించకండి. అలాంటి మేడకి తెల్ల కూల్‌రూఫ్ పెయింటే మేలు. కాకపోతే వానాకాలంలో నాచు పట్టి నల్లబడుతుంది, ఎండలు ముదరకముందే రుద్ది కడిగించాలి.

మెరిసే బబుల్ ఫాయిల్ అంటారా? దాని ఎదుట గాలి ఖాళీ ఉంటేనే పని చేస్తుంది. శ్లాబుకి అంటించి పైన బోర్డు బిగించేస్తే డబ్బు దండగ.

డాబా మీద పని కుదరని ఫ్లాటు వాళ్లు కింద నుంచే వేయించుకోండి. షీటు నేరుగా శ్లాబుకి అంటించి జిప్సం బోర్డు కప్పిస్తే 3 అంగుళాల్లో అయిపోతుంది. బోర్డు డబ్బులు మిగులుతాయని షీటుని ఉత్తినే వదలకండి, నిప్పంటుకుంటే గది అంతా పొగే.