ఎనిమిది కౌంటర్లు, తొమ్మిది ఈవెంట్లు: పీఎంయూ డ్రైవర్ల చేతిలో కాపలా పని ఇంకెన్నాళ్లు?

నమస్కారం. నల్గొండ నుంచి మాట్లాడుతున్నాను. హార్డ్‌వేర్‌లో జరిగే సంఘటనలను ఈవెంట్లంటారు, వాటిని లెక్కపెట్టే చిన్న భాగాలను కౌంటర్లంటారు.

ఎనిమిది కౌంటర్లు మాత్రమే ఉన్న పరికరాన్ని తొమ్మిది వేర్వేరు ఈవెంట్లను ఒకే గ్రూపుగా లెక్కపెట్టమని అడిగితే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ "కుదరదు" అని చెప్పాలి. అలా చెప్పకుండా, తన సొంత మెమరీలో హద్దు దాటి రాసుకున్నది. 2024లో హువావే చిప్ సంస్థ హైసిలికాన్ వారి రెండు డ్రైవర్లలో, అంటే హార్డ్‌వేర్‌ను కెర్నల్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్‌లలో, ఈ లోపాన్ని సరిదిద్దారు. వాటిలో ఒకటి నెట్‌వర్క్ ఇంజిన్‌ను కొలిచే డ్రైవర్, రెండోది కంప్యూటర్ లోపల పరికరాలను కలిపే పీసీఐఈ దారిని కొలిచేది. పరికరాలు వేరు, ఫైళ్లు వేరు, కానీ లోపం ఒకటే, అది ఉన్న చోటు కూడా ఒకటే. ఇంత పోలిక ఎక్కడి నుంచి వచ్చిందో కోడ్ రాసే ప్రతి ఒక్కరికీ తెలుసు: నకలు చేయడం నుంచి వచ్చింది.

ఈ వీడియోలో నేను చెప్పదలచుకున్నది ఒకే మాట, దాన్ని ఎన్నిసార్లైనా చెబుతాను. పనితీరును కొలిచే హార్డ్‌వేర్ డ్రైవర్లకు, అంటే పీఎంయూ డ్రైవర్లకు, "ఈ కోరిక నా వల్ల కాదు" అని తిరస్కరించే బాధ్యతను అప్పగించడమే అసలు తప్పు. కెర్నల్‌లో పనితీరును కొలిచే వ్యవస్థ పేరు పెర్ఫ్. ఆ బాధ్యతను దాని ఉమ్మడి భాగమైన పెర్ఫ్ కోర్ తన చేతిలోకి తీసుకోవాలి. డ్రైవర్ తన వల్ల ఏమవుతుందో మాత్రమే చెప్పాలి, మిగిలినదంతా కాదని కోర్ అనుకోవాలి.

దీని మీద ఒక గొడవ నడుస్తోంది, దాని నేపథ్యాన్ని క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. డ్రైవర్లలో ఈవెంట్ ఇనిట్ అనే ఫంక్షన్ ఉంటుంది. వాడుకరి ఒక ఈవెంట్‌ను తెరవమని అడిగిన ప్రతిసారీ కోర్ దాన్ని పిలుస్తుంది. ఈ ఈవెంట్ నాదేనా, శాంప్లింగ్ (నడుమనడుమ నమూనాలు తీసుకోవడం) అడుగుతున్నారా, ఫలానా సీపీయూ మీద అడిగారా, గ్రూపులో ఉన్నవన్నీ నా కౌంటర్లకు సరిపోతాయా అనే తనిఖీలను దాదాపు ప్రతి డ్రైవర్ తనకు తానే రాసుకుంటుంది. వీటిని కోర్‌లోకి చేర్చి డ్రైవర్లను తేలిక చేయాలంటూ 2025లో ఒక ప్యాచ్‌ల (కోడ్ మార్పుల) వరుస వచ్చింది. అప్పటి నుంచి "పని చేస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తారు" అనేవాళ్లు ఒకవైపు, "పని చేస్తున్నదని ఎవరన్నారు" అనేవాళ్లు మరోవైపు నిలబడ్డారు. నేను రెండో వైపు వాడిని.

ఇప్పుడు ఆ తొమ్మిదో ఈవెంట్ దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే నా వాదన మొత్తం ఆ కొద్ది వరుసల కోడ్‌లోనే ఉంది. గ్రూపులో ఉన్న ఈవెంట్లన్నీ ఒకేసారి కౌంటర్ల మీదికి ఎక్కాలి, ఒకేసారి దిగాలి. అప్పుడే వాటి లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అర్థం ఉంటుంది. అందువల్ల ఎన్నటికీ ఎక్కలేని గ్రూపును తెరిచేటప్పుడే తిరస్కరించాలి. దానికోసం ఆ రెండు డ్రైవర్లలో ప్రతిదీ ఎనిమిది గదుల అరే (మెమరీలో వరుస గదుల పట్టిక) ఒకటి పెట్టుకుని, గ్రూపు నాయకుడితో మొదలుపెట్టి ఒక్కొక్క ఈవెంట్‌ను తీసుకుని, ఇంతకుముందు చూసినదే అయితే వదిలేసి, కొత్తదైతే తర్వాతి గదిలో రాసుకునేది. అందరినీ చూడటం అయిపోయాక, చిట్టచివరి వరుసలో, లెక్క ఎనిమిది లోపలే ఉందా అని అడిగేది. తనిఖీ ఉండేది, కాదనడం లేదు. కానీ అది తొమ్మిదో దాన్ని రాసేసిన తర్వాత ఉండేది. లేని గదిలో రాసి, కెర్నల్ స్టాక్‌ను (ఫంక్షన్లు వాడుకునే తాత్కాలిక మెమరీని) పాడుచేసి, ఆ తర్వాత తీరిగ్గా "ఇది సరిపోదు" అని జవాబిచ్చేది. దిద్దుబాటు ఏమిటంటే, ఆ ప్రశ్నను రాసేముందు అడగడం, అంతే.

ఈ కోడ్ రాసిన ఇంజినీర్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లు నెట్‌వర్క్ ఇంజిన్ లోపలి రిజిస్టర్ల గురించి ప్రపంచంలో ఎవరికంటే బాగా తెలిసినవాళ్లు. గ్రూపు అంటే ఏమిటి, దాని సభ్యులను ఎలా నడవాలి, కెర్నల్ తానే లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఈవెంట్లను ఎందుకు లెక్కలోంచి వదిలేయాలి అనేవి పెర్ఫ్ సొంత నియమాలు, పరికరానికి సంబంధించిన జ్ఞానం కావు. తన నియమాలను తాను అమలు చేయకుండా, డ్రైవర్స్ డైరెక్టరీలోని పెర్ఫ్ ఫోల్డర్‌లో ఉన్న ఆర్మ్, క్వాల్కమ్, మార్వెల్, అలీబాబా, యామ్‌లాజిక్, ఫ్రీస్కేల్ డ్రైవర్లన్నిటినీ విడివిడిగా అమలు చేయమని చెప్పినది కోర్. తప్పు అక్కడుంది.

మన దగ్గర వడ్ల కొనుగోలు తెలిసినవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. కేంద్రంలో తేమ పదిహేడు శాతం లోపల ఉందని చూసి, కాంటా వేసి, లారీ ఎక్కించిన వడ్లను మిల్లు దగ్గర మళ్లీ చూసి, అక్కడి లెక్క ప్రకారం తరుగు తీస్తామంటే రైతు ఎవరి మాట నమ్మాలి? నియమం ఒకటే అయినప్పుడు దాన్ని ఒకే చోట, ఒకే మనిషి, ఒకే మీటరుతో చూడాలి.

పెర్ఫ్ చరిత్రలోనే దీనికి తిరుగులేని రుజువు ఉంది. సీపీయూ బయట ఉండే కౌంటర్లకు, ఉదాహరణకు మెమరీ కంట్రోలర్‌లో ఉన్నవాటికి, తమ దగ్గరికి వచ్చిన కోరిక యూజర్ ప్రోగ్రామ్‌దా, కెర్నల్‌దా అనే తేడా తెలియదు. కనుక ఎవరైనా "యూజర్ భాగం మాత్రమే లెక్కపెట్టు" అని అడిగితే డ్రైవర్ నిరాకరించాలి. 2019లో వచ్చిన 5.1 కెర్నల్‌కు ముందు ఈ నిరాకరణ డ్రైవర్ల పనే. ఏ భాగాన్ని లెక్కపెట్టొద్దో చెప్పే మినహాయింపు జెండాలు ఆరు ఉంటే కొన్ని డ్రైవర్లు వాటిలో కొన్నిటినే చూసేవి, కొన్ని అసలు చూసేవే కావు. చూడని డ్రైవర్ ఏం చేసేదో ఆలోచించండి. అది మొత్తం లెక్కను తెచ్చి, మీరు అడిగిన యూజర్ భాగం ఇదే అన్నట్టుగా మీ ముందు పెట్టేది. మెషీన్ ఆగిపోతే కనీసం తెలుస్తుంది, కానీ తప్పు అంకె నిశ్శబ్దంగా వచ్చి మీ నివేదికలో కూర్చుంటే దాన్ని పట్టుకునేదెవరు? ఆ అంకెను నమ్మి ఎవరో ఒక నిర్ణయం తీసుకుని ఉంటారు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

అప్పుడు ఏం చేశారు? మినహాయింపులు కుదరవని చెప్పే ఒక సామర్థ్య జెండాను కోర్‌లో పెట్టారు, డ్రైవర్లలోని తనిఖీలను తీసేశారు. వరుసలు తగ్గాయి, తప్పులు కూడా తగ్గాయి. అయితే నా దృష్టిలో అక్కడ సగం పనే జరిగింది, నేను గట్టిగా పట్టుకున్న అభిప్రాయం కూడా ఇదే. ఆ జెండా "నాకు చేతకాదు" అని చెబుతుంది. ఇంటరప్ట్, అంటే సీపీయూను ఆపి పిలిచే సంకేతం, లేదని చెప్పే జెండా కూడా అలాంటిదే. కొత్తగా డ్రైవర్ రాసిన మనిషి ఆ జెండా పెట్టడం మరచిపోతే, ఆ పరికరానికి లేని శక్తి ఉన్నదని కోర్ నమ్ముతుంది. నిండినప్పుడు పిలిచే ఓవర్‌ఫ్లో ఇంటరప్టే ఇవ్వని కౌంటర్ మీద శాంప్లింగ్ తెరుచుకుంటుంది, శాంపిళ్లను పోగుచేసే పెర్ఫ్ రికార్డ్ కమాండ్ ఎదురుచూస్తుంది, శాంపిల్ ఒక్కటీ రాదు. దీన్ని తలకిందులు చేయాలి. "నాకు శాంప్లింగ్ వచ్చు", "యూజర్, కెర్నల్ తేడా నాకు తెలుసు" అని చెప్పిన డ్రైవర్‌కే ఆ కోరికలు చేరాలి. అప్పుడు మరచిపోయినవాడి పరికరం తక్కువ పని చేస్తుంది కానీ అబద్ధం చెప్పదు, హద్దు దాటదు. లేని సౌకర్యం గురించి మరుసటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు, ఒక్క వరుసతో సరిపోతుంది.

తిరస్కరించే పద్ధతిలో ఇంకొక చిక్కు ఉంది. కోర్ ఒక ఈవెంట్‌కు యజమాని ఎవరో నేరుగా తేల్చుకోలేనప్పుడు, నమోదైన పీఎంయూలను వరుసగా అడుగుతూ పోతుంది. అప్పుడు డ్రైవర్ "ఎనోఎంట్" అనే ఎర్రర్ కోడ్‌తో జవాబిస్తే "ఇది నాది కాదు, పక్కవాడిని అడుగు" అని అర్థం, "ఈఇన్‌వాల్" అని జవాబిస్తే అన్వేషణ అక్కడితో ముగుస్తుంది. ఈవెంట్ తనదేనా అని చూడకముందే దానిలోని ఇతర వివరాలను తప్పుపట్టి ఈఇన్‌వాల్ ఇచ్చిన డ్రైవర్, తన వెనుక నిలబడిన అసలు యజమానికి అవకాశమే లేకుండా చేస్తుంది. ఏ తనిఖీ ముందు, ఏది తర్వాత అనే వరుసక్రమం కూడా డ్రైవర్ రచయితకు తెలిసి ఉండాలని ఆశించడం ఎంతవరకు న్యాయం?

ఈ సందర్భంలో కొంచెం పక్కకు వెళ్తాను, ఎందుకంటే పెర్ఫ్ పుట్టిందే ఈ వాదన మీద. స్టెఫాన్ ఎరానియన్ అనే ఇంజినీర్ ఏళ్ల తరబడి పర్ఫ్‌మన్ అనే పనితీరు కొలిచే వ్యవస్థను నిర్మించారు. అందులో ఏ ఈవెంట్ ఏ రిజిస్టర్‌లో కూర్చోవాలో తేల్చే బాధ్యత ఎక్కువగా యూజర్ వైపు లైబ్రరీదే. 2008 డిసెంబరులో కెర్నల్ డెవలపర్లు థామస్ గ్లీక్స్‌నర్, ఇంగో మోల్నార్ దానికి పూర్తిగా భిన్నమైన ప్రతిపాదన తెచ్చారు. వాడుకరి తనకు కావలసిన ఈవెంట్‌ను అడిగితే చాలు, కౌంటర్ల పంపకం కెర్నల్ చూసుకుంటుందని వాళ్లు అన్నారు. పెద్ద గొడవే జరిగింది, చివరికి 2009లో 2.6.31 కెర్నల్‌తో వాళ్ల పద్ధతే నిలిచింది. ఇలాంటి పనే చేసే ఓప్రొఫైల్ అనే పాత సాధనపు కెర్నల్ కోడ్‌ను కూడా 2021లో 5.12తో తీసేశారు. కష్టమైన పనిని అందరి నెత్తి మీదా వేయకుండా ఒకచోట చేయాలనే మాట మీద గెలిచిన వ్యవస్థ, డ్రైవర్ల విషయానికి వచ్చేసరికి అదే మాటను ఎందుకు మరచిపోయింది?

"హార్డ్‌వేర్‌లు ఒక్కొక్కటి ఒక్కో రకం, అన్నిటికీ ఒకే తనిఖీ ఎలా సరిపోతుంది" అని అడిగేవాళ్లున్నారు. తేడాలు ఉన్నమాట నిజమే. మీలో చాలామంది వాడే రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లోని కార్టెక్స్ ఏ72 సీపీయూ కోర్‌కు సైకిల్ కౌంటర్ కాక ఆరు కౌంటర్లుంటాయి, ఇంకొక దానికి ఎనిమిది, కొన్నిటిలో ఫలానా ఈవెంట్ ఫలానా కౌంటర్‌లోనే కూర్చోవాలి. ఆ నిబంధనలు డ్రైవర్ దగ్గరే ఉండనివ్వండి, వాటిని తాకమని ఎవరూ అడగలేదు. కానీ "ఇది శాంప్లింగ్ కోరికా" అనే ప్రశ్నకు జవాబు ఏ చిప్ మీదైనా ఒకటే.

"ఇన్ని డ్రైవర్లను ఒకేసారి తాకితే ఏదో ఒకటి విరిగిపోతుంది, పరీక్షించడానికి ఆ బోర్డులు ఎవరి దగ్గరున్నాయి" అనే రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. దానికి జవాబు 2024 చివర్లో వచ్చిన 6.12 కెర్నల్‌లోనే ఉంది. సీపీయూ ఆఫ్‌లైన్ అయితే దాని మీద నడుస్తున్న ఈవెంట్లను పక్క సీపీయూకు మార్చే కోడ్‌ను అంతవరకు చాలా డ్రైవర్లు సొంతంగా మోసేవి. 6.12లో "స్కోప్" అనే భావన వచ్చింది. నా పరిధి ఒక సీపీయూ కోర్, ఒక డై (సిలికాన్ ముక్క), ఒక ప్యాకేజీ (మొత్తం చిప్) అని డ్రైవర్ ఒక మాట చెబితే మిగిలినది పెర్ఫ్ కోర్ చూసుకుంటుంది. ఇంటెల్ సీపీయూల విశ్రాంతి స్థితులను కొలిచే సీ-స్టేట్ డ్రైవర్ అలాగే మారింది. స్కోప్ చెప్పని పాత డ్రైవర్లు పాత దారిలోనే నడుస్తున్నాయి. అన్నిటినీ ఒకే రోజు మార్చాల్సిన అవసరం లేదని ఇది చూపించింది.

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, మిర్యాలగూడలో ఇంజినీరింగ్ చదువుతూ కెర్నల్‌లో మొదటి ప్యాచ్ ఎక్కడ రాయాలని నన్ను అడిగేవాళ్లకు నేను చూపించే చోటు ఇదే. కెర్నల్ సోర్స్‌లో పెర్ఫ్ డ్రైవర్ల ఫోల్డర్ తెరవండి, ఏవైనా రెండు ఫైళ్లలోని ఈవెంట్ ఇనిట్ ఫంక్షన్లను పక్కపక్కన పెట్టండి. ఏ తనిఖీ ఒకదానిలో ఉండి రెండోదానిలో లేదో, రెండింటిలో ఉన్నా ఏ ఎర్రర్ కోడ్ వేరుగా ఉందో రాసుకోండి. గ్రూపును తనిఖీ చేసే ఫంక్షన్‌లో అరే ఉంటే, హద్దు ప్రశ్న రాసేముందు ఉందా, రాసిన తర్వాత ఉందా అని వేలు పెట్టి చూడండి. మీకు కనిపించిన ఫైలు పేరు, ఫంక్షన్ పేరు ఈ వీడియో కింద రాయండి, వచ్చే వీడియోలో వాటిని తెర మీద పెట్టి ఒక్కొక్క వరుసా చదువుదాం.