తమ్మపడిగ దగ్గర సిగ్గెందుకు?

అందరికీ నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు. పొగడ్తలు భోజనాల దగ్గర చూసుకుందాం.

శనివారం మనవాళ్ళు వైన్ రుచి చూడ్డానికి వెళ్తున్న హీల్డ్స్‌బర్గ్ శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, 101 రోడ్డు మీద సుమారు 70 మైళ్ళు. ఊరి నడుమ ప్లాజా, దాని చుట్టుపక్కలే నడిచి తిరగగలిగినన్ని టేస్టింగ్ రూములు, అంటే వైన్ రుచి చూపించే గదులు. మూడు లోయల సరుకూ అక్కడే దొరుకుతుంది. పొగమంచు కమ్మే రష్యన్ రివర్ వైపు పీనో న్వార్ అనే తేలికపాటి ఎర్ర వైన్, షార్డొనే అనే తెల్ల వైన్. డ్రై క్రీక్‌లో జిన్‌ఫాండెల్. వెచ్చటి అలెగ్జాండర్ వ్యాలీలో కాబెర్నే. ఈ రెండూ ఎర్రవే. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తీపివి ఆఖర్న. క్రమం తప్పితే పీనో నీళ్ళలా అనిపిస్తుంది, తప్పు దానిది కాదు.

ఇక అసలు సంగతి. రుచి చూసిన వైన్ ఉమ్మడానికి బల్ల మీద ఒక గిన్నె పెడతారు. మన తాతల నాటి తమ్మపడిగే అనుకోండి. మనవాళ్ళు దాన్ని చూడనట్టే నటిస్తారు! నలుగురిలో ఉమ్మితే ఎంగిలి, పోసినతనికి అవమానం అని. అతనికేం అవమానం లేదండీ, అతనూ రోజూ ఉమ్మేవాడే. లెక్క చూడండి: ఒక్కో రకం 2 ఔన్సులు పోశారనుకుంటే, ఐదు రకాలకి 10. అంటే హోటల్లో ఇచ్చే రెండు గ్లాసులు. మూడు రూములు తిరిగితే ఆరు. జిన్‌ఫాండెల్‌లో ఆల్కహాల్ 15 శాతం దాటడమూ ఉంది, కాబట్టి ఇంకా ఎక్కువే. కాలిఫోర్నియాలో బండి నడిపేవాళ్ళకి రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.08 శాతం.

గ్లాసు అడుగు బల్లకు ఆనించి రెండు చుట్లు తిప్పండి, వాసన చూడండి, చెంచాడు నోట్లోకి తీసుకుని చారు జుర్రినట్టు కాస్త గాలి లాగండి. ఐదు సెకన్లు నోరంతా తిప్పి, పెదవులు బిగించి ఒకే ధారగా ఉమ్మండి. పెదవులు వదులైతే చొక్కా పాడవుతుంది, ముదురు రంగు చొక్కా వేసుకోండి. మిగిలింది అదే గిన్నెలో ఒంపేయండి. వెనక వరసలో నవ్వుతున్న బాబాయిగారూ, ఇంటి దగ్గర మంచినీళ్ళతో అభ్యాసం చేయండి. ఉమ్మినా కొంత ఒంట్లోకి ఎక్కుతుంది, కాబట్టి నడిపేవాళ్ళు ఉమ్మడం కాదు, అసలు ముట్టకూడదు.

అమ్మా, మల్లెపూలూ సెంటూ ఆ రోజుకి వద్దు. గదిలో పక్కవాళ్ళకీ వైన్ వాసన తెలియదు. ఆవకాయ అన్నం తిని వెళ్తే కారానికి ఆల్కహాల్ మంట రెట్టింపై, కాబెర్నే వగరు గొంతు పట్టేస్తుంది. పెరుగన్నం హాయి. కొన్న సీసాలు ఎండలో నిలిపిన కారులో వదలకండి: వేడికి లోపలిది ఉబ్బి బిరడాను పైకి తోస్తుంది, వైన్ ఉడికిన పండు రుచికొస్తుంది. ఐస్ పెట్టె తీసుకెళ్ళండి. మూత తీసిన సీసా మాత్రం డిక్కీలోనే ఉండాలి, సీట్ల దగ్గర ఉంటే జరిమానా.

సరే, శనివారం బండి నడిపేవాళ్ళెవరో చేతులెత్తండి. రెండేనా? కార్లు ఎనిమిది కదండీ!