ఆస్టోరియాలో ఒక్కదాన్నే నల్లన్నం తిన్న రోజు

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈ రోజు వ్లాగ్‌లో నేనొక్కదాన్నే. మా ఆయన ఆఫీసు పనిమీద వారం రోజులు డాలస్ వెళ్ళారు. మూడు రోజులు పెరుగన్నం, ఆవకాయతో లాగించేశాను. నాలుగో రోజు ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే నామీద నాకే విసుగొచ్చి, చెప్పులేసుకుని బయటపడ్డాను.

జెర్సీ సిటీలో పాత్ రైలెక్కి, 33వ వీధిలో దిగి, అక్కడ ఎన్ ట్రైన్ పట్టుకుంటే న్యూయార్క్ నగరం క్వీన్స్‌లోని ఆస్టోరియా. గ్రీకుల పేట అని పేరు గానీ, క్రొయేషియా వాళ్ళు కూడా ఎప్పట్నుంచో ఉన్నారిక్కడ. క్రొయేషియా అంటే నాకు తెలిసింది 2018 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్లో ఆడిన ఎరుపు తెలుపు గళ్ళ జెర్సీ ఒక్కటే. నేను వెళ్ళిన క్రొయేషియా హోటల్ గోడకి కూడా అదే వేలాడుతోంది, అద్దాల ఫ్రేములో.

"ఒక్కరేనా?" అన్నాడు తలుపు దగ్గర పెద్దాయన. అవునన్నాను, కొంచెం గొంతు తగ్గించి. ఎందుకు తగ్గించానో నాకే తెలీదు. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు. ఒక్కదాన్నే కారేసుకుని బోస్టన్ దాకా పోయొచ్చాను గానీ, ఒక్కదాన్నే కూర్చుని హోటల్లో భోంచేసింది లేదు. ఆయన నన్ను ఇద్దరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న ప్లేటు, ఫోర్కు, గ్లాసు ఒక్కొక్కటే తీసేశాడు. అది చూస్తుంటే మనసు చివుక్కుమంది.

ముందు వేడివేడి రొట్టె, పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి పచ్చడి. దీన్ని ఐవార్ అంటారు. ఎర్ర క్యాప్సికమ్‌లు నిప్పులమీద కాల్చి, తొక్క ఒలిచి, నూనెలో గంటల తరబడి మగ్గించి చేస్తారు. మనం వంకాయ కాల్చి పచ్చడి చేయమూ, అదే పద్ధతి. కొందరు ఇందులో వంకాయ కూడా వేస్తారట. క్రొయేషియా చుట్టుపక్కల బాల్కన్ దేశాల్లో శరదృతువు వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చలికాలానికి సరిపడా సీసాలకెత్తుతారు, మన ఎండాకాలం ఆవకాయల్లాగా. కారం మాత్రం అడక్కండి. ఒక్క ఎండుమిరపకాయ పడుంటే ఎంత బాగుండేదో!

పెద్దాయన ఛెవాపి తినమన్నాడు. వేలెడంత పొడుగు, బొగ్గులమీద కాల్చిన కీమా. పేరు పుట్టింది మన హైదరాబాదోళ్ళు తినే కబాబ్ మాటలోంచే, టర్కుల ద్వారా అక్కడికి చేరింది. బీఫ్ కలుస్తుందన్నాడు, నేను తినను. అందుకే త్స్ర్‌ని రిజోట్ చెప్పాను. ఆ మొదటి అక్షరం పలకడానికి అమెరికన్లు తంటాలు పడతారు గానీ మనకి తేలికే, 'చలి'లో చ అన్నట్టు అనేయడమే. త్స్ర్‌ని అంటే నలుపు, రిజోట్ అంటే అన్నం వంటకం. సంస్కృతంలో నలుపు అనే 'కృష్ణ', ఈ మాట, రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవే. అంటే నేను ఆర్డర్ చేసింది కృష్ణాన్నం అన్నమాట!

ఇదిగో, ఈ క్లిప్ చూడండి. తెల్ల ప్లేటులో తారు పోసినట్టు లేదూ? కటిల్‌ఫిష్ అని స్క్విడ్‌కి చుట్టం లాంటి జీవి. ఏదైనా మీదికొస్తే నల్ల సిరా చిమ్మి తప్పించుకుంటుంది. ఆ సిరాతో, దాని మాంసంతో, వెల్లుల్లి, వైన్ వేసి వండిన అన్నం ఇది. కట్టె పొంగలి కంటే కాస్త జారుగా ఉంటుంది. మొదటి ముద్దకి నోట్లో ఉప్పు, ఆ వెనకే సముద్రం. మాది కాకినాడ కదండీ, కుంభాభిషేకం రేవులో పొద్దున్నే వచ్చే గాలి గుర్తొచ్చింది. పక్కన బ్లిత్వ ఇచ్చారు. లావు కాడల ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె. అది మన ఇంటి కూరే.

తింటూనే ఫోన్ నీళ్ళ సీసాకి ఆనించి, నాలుగు నిమిషాలు నవ్వుతూ రివ్యూ చెప్పాను. పక్క టేబుల్ వాళ్ళు నాకేసి చూస్తున్నారు. వ్లాగర్లంటే మామూలే అనుకున్నాను.

పెద్దాయన ప్లేటు తీస్తూ, "ఇక్కణ్ణుంచి ఇంకెవరినైనా కలవాలా?" అనడిగాడు.

"లేదు, ఇంటికే."

"అయితే ఫర్వాలేదు."

నాకు చురుక్కుమంది. ఎవరూ లేరని జాలిపడుతున్నాడా ఈయన? బిల్లు కట్టి, సేల్స్ టాక్స్‌కి రెట్టింపు లెక్కేసి టిప్ పెట్టి, ముక్తసరిగా థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఎన్ ట్రైన్ అక్కడ వంతెనమీద పోతుంది కాబట్టి సిగ్నల్ ఉంటుంది. రాత్రి ఎనిమిదైంది. అంటే కాకినాడలో తెల్లవారి ఐదున్నర, అమ్మ కాఫీ పెట్టుకునే టైము. వీడియో కాల్ చేశాను.

"ఒక్కదానివే హోటలుకెళ్ళావా? ఆయన లేకపోతే వండుకోవడం మానేశావా ఏంటే?" అంది. నేను నవ్వాను.

అమ్మ ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళజోడు సర్దుకుంది.

"ఆ పళ్ళేంటే అలా నల్లగా ఉన్నాయి? కిళ్ళీ వేశావా?"

ఫ్రంట్ కెమెరాలో చూసుకున్నాను. పళ్ళు, చిగుళ్ళు, పెదాల అంచులు, మసి పూసినట్టున్నాయి. పెద్దాయన అడిగింది దీని గురించా! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పబోయేలోపు రైలు సొరంగంలో దూరింది, కాల్ కట్టయింది.

ఆ నాలుగు నిమిషాల రివ్యూ ఇందాక మీరు చూసేశారు. తీసేద్దామనే అనుకున్నాను గానీ, మళ్ళీ తీయాలంటే ఇంకో ప్లేటు తినాలి. అందుకే వచ్చే బుధవారం మళ్ళీ వెళ్తున్నాను, ఒక్కదాన్నే. ఈసారి పర్సులో టూత్‌బ్రష్ పెట్టుకుంటాను లెండి.