ట్రెక్కింగ్ పోల్ కొనే ముందు కొండ దిగడం గురించి ఆలోచించండి

నమస్కారమండీ. మా పిన్నికి 58 ఏళ్లు. ఈసారి మే నెలలో కేదార్‌నాథ్ వెళ్తోంది, నడిచే ఎక్కుతానని పట్టుబట్టింది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, గోడకి ఆనించి ఉన్న నా ట్రెక్కింగ్ పోల్స్ (కొండ నడకలో ఊతకి పట్టుకునే కర్రలు, ఒకదాంట్లోకి ఒకటి దూరే గొట్టాలతో పొడుగు మార్చుకోవచ్చు) చూసి, "ఈ కడ్డీలు నీలాంటి కుర్రాళ్లకి గానీ నాకెందుకురా? నడక మొదలయ్యే గౌరీకుండ్‌లో కర్రలు అమ్ముతారటగా, అది చాలదా?" అంది. మంచి ప్రశ్న. పిన్నికి చెప్పిన జవాబే ఇవాళ మీకూ చెప్తాను.

ముందు వెదురు కర్ర సంగతి. దాన్ని నేను ఒక్క మాట కూడా తక్కువ చేసి అనను. మూడేళ్ల కిందట ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడి మీదుగా ఉగ్రస్తంభం ఎక్కాం. కింద దారి మొదట్లో కర్రలు ఇస్తుంటారు కదా, నా దగ్గర కొత్త పోల్ ఉందని నేను తీసుకోలేదు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. దిగేటప్పుడు ఒక బండ మీంచి కింద బండ మీదికి కాలు దించుతూ బరువంతా పోల్ మీద వేశాను. పై గొట్టంలోకి కింది గొట్టం జారిపోయింది. ఒక్కసారిగా జానెడు పొట్టిదైపోయింది. నేను పక్కకి పడ్డాను, మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో తిరిగాను. నా వెనకే దిగుతున్న ఒక పెద్దాయన నన్ను లేపి, తన వెదురు కర్ర నా చేతిలో పెట్టి కింద దాకా తీసుకొచ్చారు. ఆ కర్ర ఒకే ముక్క. జారడానికి అందులో ఏమీ లేదు.

ఆ రోజు నుంచీ ఏ పోల్ చేతిలోకి తీసుకున్నా నేను చూసేది ఒక్కటే. దిగేటప్పుడు నా బరువు ఉన్నపళంగా దీని మీద పడితే నిలుస్తుందా, లేదా?

అందుకే మొదట చూడాల్సింది లాక్, అంటే గొట్టాలు జారకుండా బిగించి ఉంచేది. నా పోల్‌కి ఉన్నది ట్విస్ట్ లాక్. గొట్టాన్ని తిప్పితే లోపల ఉన్న ప్లాస్టిక్ ముక్క ఉబ్బి, బయటి గొట్టం గోడల్ని లోపల్నుంచి పట్టుకుంటుంది. బిగింపు ఎంత ఉందో మనకి బయటికి కనపడదు. లోపల కాస్త తేమో దుమ్మో చేరితే పట్టు తగ్గుతుంది, చెమట చేతులతో తిప్పితే పూర్తిగా బిగియదు. శుభ్రంగా ఉంచుకునేవాళ్లకి అది కూడా పనిచేస్తుంది, నేను కాదనను. కానీ మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది లివర్ లాక్. కొందరు ఫ్లిక్ లాక్ అంటారు. బయట చిన్న రెక్కలా ఉంటుంది, తీస్తే వదులవుతుంది, మూస్తే బిగుస్తుంది. మూసుకుందో లేదో కంటితో చూడొచ్చు, చలికి గ్లౌజులు వేసుకుని కూడా మూయొచ్చు. వాడగా వాడగా వదులైతే పక్కనున్న చిన్న స్క్రూ కొంచెం తిప్పితే చాలు.

షాపులో మొహమాటపడకండి. పోల్ మీకు కావలసిన ఎత్తుకి బిగించి, నిలువుగా నేల మీద పెట్టి, రెండు చేతులూ పైన వేసి మెల్లగా ఒత్తిడి పెంచండి. వెంట్రుకవాసి జారినా పక్కన పెట్టేయండి. ఇంకో మాట. గొట్టం మీద 'స్టాప్' అని ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనపడేంతగా ఎప్పుడూ లాగకూడదు. అది దాటితే లోపల పట్టు చాలదు, పోల్ అక్కడే వంగుతుంది.

ఇప్పుడు ఎత్తు. మన ఆడవాళ్లకి చాలామంది చెప్పని విషయం ఇక్కడే ఉంది. చదునైన నేల మీద పోల్ పట్టుకుని నిలబడితే మోచేయి ఎల్ అక్షరంలా వంగాలి. లెక్క కావాలంటే మీ ఎత్తుని సెంటీమీటర్లలో తీసుకుని 0.68తో గుణించండి. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి దాదాపు 117 వస్తుంది. మా పిన్ని అయిదడుగులు, అంటే 152 సెంటీమీటర్లు, ఆమెకి 103. నిటారుగా ఎక్కేటప్పుడు దాన్ని అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించుకోవాలి, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి. అంటే పిన్నికి 93 దగ్గర్నుంచి 113 దాకా కావాలి. బజారులో కొన్ని పోల్స్ 110 దగ్గరే మొదలవుతాయి! అలాంటిది కొంటే ఎక్కేటప్పుడు చేతులు భుజాల దాకా లేచి, గంటలో మెడ పట్టేస్తుంది. అందుకే అందరూ 'ఎంత పొడుగు సాగుతుంది' అని అడుగుతుంటే మీరు 'ఎంత పొట్టి అవుతుంది' అని అడగండి. కొలత బూట్లు వేసుకునే చూసుకోండి.

వెదురు కర్రకీ దీనికీ అసలు తేడా కూడా ఇదే. ఎక్కేటప్పుడు పొట్టి, దిగేటప్పుడు పొడుగు కావడం వెదురుకి చేతకాదు. అహోబిలంలా ఒక్క రోజు నడక అయితే మంచి వెదురు కర్ర చాలు, నిజంగా చాలు. కేదార్‌నాథ్ అలా కాదు. 2013 వరదల తర్వాత దారి మారింది, గౌరీకుండ్ నుంచి పైకి 16 కిలోమీటర్లు దాటుతుంది, గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తులో. ఎక్కినదంతా మళ్లీ దిగాలి.

అక్కడ దారి ఎక్కువ భాగం రాళ్లు పరిచింది. దాని మీద గుర్రాలు, కంచరగాడిదలు నడుస్తాయి, వాన పడితే బురద, పేడ కలిసిపోతాయి. కాబట్టి మొన గురించి కాస్త తెలుసుకోవాలి. మన ఇళ్లల్లో రోకలికి చివర పొన్ను వేస్తారు చూడండి, పొన్ను వేసిన చేతికర్రని పొన్నుకర్ర అంటాం, ఇదీ అలాంటిదే. మంచి పోల్‌కి ఆ పొన్ను టంగ్‌స్టన్ కార్బైడ్‌ది ఉంటుంది, చాలా గట్టిది, మట్టిలో, బురదలో, గట్టిపడిన మంచులో దిగి పట్టుకుంటుంది. పొడి రాయి మీద, సిమెంటు మీద మాత్రం టకటకమంటూ జారొచ్చు, అక్కడ రబ్బరు తొడుగు వేసుకోవాలి. బురద వచ్చిందంటే తొడుగు తీసి జేబులో పెట్టుకోండి, బురద మీద రబ్బరు నిలవదు. మొనకి కొంచెం పైన ఉండే ప్లాస్టిక్ చక్రాన్ని బాస్కెట్ అంటారు. మామూలు దారికి చిన్నది సరిపోతుంది. చలికాలంలో కేదార్‌కాంఠ లాంటి మంచు ట్రెక్‌కి వెళ్లేవాళ్లు వెడల్పు బాస్కెట్ తీసుకోవాలి, లేకపోతే పోల్ మంచులో కూరుకుపోతుంది.

అల్యూమినియమా, కార్బన్ ఫైబరా అని చాలామంది తలబద్దలు కొట్టుకుంటారు. కార్బన్ తేలిక, ఖరీదు ఎక్కువ. పక్కనుంచి రాయి తగిలితే ఉన్నట్టుండి విరగొచ్చు. అల్యూమినియం కొంచెం బరువు, కానీ దెబ్బ తగిలితే ముందు వంగుతుంది. వంగిన కర్రతో కనీసం కిందికి రావచ్చు. పిన్నికి అల్యూమినియమే చెప్పాను. లోపల స్ప్రింగ్ ఉన్న యాంటీ షాక్ రకానికి అదనంగా డబ్బు పెట్టొద్దని కూడా చెప్పాను. పిడి మాత్రం ఫోమ్‌దో, కార్క్‌దో చూసుకోండి. రబ్బరు పిడి మన చెమటకి అరచేతులు బొబ్బలెక్కిస్తుంది.

ఒకటి కొనాలా, రెండా? డబ్బు సర్దుబాటైతే రెండు కొనండి. 1999లో ఆస్ట్రియా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. 25 డిగ్రీల వాలు దిగేవాళ్లకి రెండు పోల్స్ ఇచ్చి కొలిస్తే మోకాలి మీద భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గింది. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

చేతి పట్టీ దాదాపు అందరూ తప్పుగా వేసుకుంటారు. చేతిని పట్టీలోకి కింది నుంచి పైకి దూర్చి, తర్వాత పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మోస్తుంది, వేళ్లు బిగించక్కర్లేదు. ప్రవాహం దాటేటప్పుడు, వదులు రాళ్ల మీద నడిచేటప్పుడు మాత్రం చెయ్యి పట్టీలోంచి తీసేయండి. పడితే కర్రని వదిలేయగలగాలి.

విమానంలో వెళ్తుంటే పోల్స్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. తిరిగొచ్చాక ముక్కలు విడదీసి గుడ్డతో తుడిచి, రాత్రంతా ఆరనివ్వండి. లాకులకి నూనె మాత్రం వద్దు. నూనె తగిలిన లాక్ పట్టుకోదు.

పిన్ని లివర్ లాక్ ఉన్న జత తీసుకుంది, 90 దాకా పొట్టి అవుతుంది. వాళ్ల ఇల్లు మౌలాలిలో. పొద్దున్నే గుట్ట మెట్ల మీద ప్రాక్టీసు చేస్తోంది. నిన్న ఫోన్ చేసి, "దిగేటప్పుడు కర్ర ముందా, కాలు ముందా?" అని అడిగింది. కర్ర ముందు, పిన్నీ. రెండు కర్రలూ కింది మెట్టు మీద ఆనించి, కాస్త బరువు వేసి, నిలిచాయని తెలిశాకే కాలు దించు.