ఆ మాత్ర ఇచ్చే ముందు

(గుంటూరులో యల్లాప్రగడ సుబ్బారావు జయంతి సభలో ఫార్మసీ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. శాలువాలు, పరిచయాలు అయ్యేసరికే చాలా పొద్దుపోయింది. కీళ్లవాతానికి ఇచ్చే ఒక మాత్ర గురించి, దాన్ని పరీక్షలు చూడకుండా ఇస్తే ఏమవుతుందో చెప్పాలని వచ్చాను. నేరుగా విషయానికి వస్తాను.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారి పటానికి ఇప్పుడే పూలమాల వేశాం. ఆయన హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ పని ఆయనను కండరంలోని ఏటీపీ అనే అణువు దాకా తీసుకెళ్లింది. ఏటీపీ శక్తినిస్తుందని మాత్రమే పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. దానికి ఇంకో పనీ ఉంది. ప్రోటీన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఏటీపీ చివరనున్న ఫాస్ఫేట్‌ను తీసి మరో ప్రోటీన్‌కు తగిలిస్తుంది. దాంతో ఆ ప్రోటీన్ నడవడే మారిపోతుంది. ఈ సంగతి 1950లలో తేల్చిన ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది. మన ఒంట్లో ఇలాంటి కైనేజ్‌లు ఐదు వందలకు పైనే.

కీళ్లవాతంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే, కబురు మోసే ప్రోటీన్ వచ్చి కణంమీది గ్రాహకానికి తగలగానే, లోపలున్న జాక్ కైనేజ్‌లు స్టాట్ ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అవి కేంద్రకంలోకి వెళ్లి వాపును పెంచే జన్యువులను పనిలోకి దించుతాయి. 2012లో అమెరికాలో అనుమతి పొందిన టోఫాసిటినిబ్, జాక్‌లో ఏటీపీ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. సూది అక్కర్లేదు, మాత్ర చాలు.

అంతకుముందు పి38 అనే కైనేజ్‌మీద కంపెనీలు ఎంతో ఆశ పెట్టుకున్నాయి. మందు వేస్తే రక్తంలో సీఆర్‌పీ అనే, వాపును సూచించే ప్రోటీన్ తగ్గినట్టే తగ్గి, కొన్ని వారాల్లో మళ్లీ పెరిగింది. ఒంటిమీద దద్దుర్లు, కాలేయానికి ఇబ్బంది. వాపును రేపే పి38కి దాన్ని చల్లార్చడంలోనూ పాత్ర ఉంది మరి! ఈ కథంతా చెప్పాలని స్లైడ్లు తెచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను. ఒక మనిషి గురించి చెప్పకుండా ఇక్కడినుంచి దిగలేను.

ఆమె మిరపకాయల ముచ్చికలు తీసే కూలి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు, జడ వేయడానికి కూతురు రావాలి. ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు ఏళ్ల తరబడి మింగింది. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది. తరువాత ఒక మందుల దుకాణంలో పొరుగింటామె పేరున ఉన్న చీటీ చూపిస్తే ఈ టోఫాసిటినిబ్ చేతిలో పెట్టారు. ఛాతీ ఎక్స్‌రే తీయలేదు, క్షయ పరీక్ష చేయలేదు. వేళ్లు వంగాయి. సంబరపడింది. కొన్ని నెలలకు సాయంత్రపు జ్వరం, దగ్గు మొదలయ్యాయి. కళ్లె పరీక్షలో క్షయ బయటపడింది.

ఎందుకని? క్షయ క్రిమిని అణచి ఉంచమని, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలకు చెప్పేది ఇంటర్‌ఫెరాన్ గామా అనే మరో కబురు ప్రోటీన్. ఆ కబురు వెళ్లేదీ జాక్‌ల ద్వారానే. వేళ్ల వాపు కోసం మనం ఆపిన కైనేజే ఊపిరితిత్తుల్లో ఆమెను కాపాడుతోంది. మందు తప్పు కాదమ్మా, చూడకుండా ఇవ్వడం తప్పు!

వెనక వరుసలో ఫోను చూస్తున్న బాబూ, నువ్వూ విను. రేపు కౌంటరు వెనక నిలబడేది నువ్వే. వైద్యుడి చీటీ ఎవరి పేరున ఉందో చూడు. క్షయ, హెపటైటిస్ పరీక్షలు అయ్యాయా, రక్తకణాలు, కాలేయం, కొలెస్ట్రాల్ చూశారా అని అడుగు. వయసు యాభై దాటి గుండెజబ్బు ముప్పు ఉంటే మరీ గట్టిగా అడుగు. వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే సూదులు వాడినవారితో పోలిస్తే, ఈ మాత్ర వాడిన అలాంటివారిలో గుండెపోటు, క్యాన్సర్ ఎక్కువగా కనిపించాయనే 2021లో అమెరికా ప్రభుత్వం హెచ్చరికను కఠినం చేసింది.

పరిశోధనకు వెళ్లాలనుకునేవారికీ ఒక మాట. అన్ని కైనేజ్‌ల్లోనూ ఏటీపీ కూర్చునే చోటు దాదాపు ఒకేలా ఉండడమే అసలు చిక్కు. 2022లో సోరియాసిస్‌కు వచ్చిన డ్యూక్రావాసిటినిబ్ ఆ చోటు వదిలేసి, జాక్‌ల కుటుంబంలోనిదే అయిన టైక్2లో వేరే భాగాన్ని పట్టుకుంది. అటువైపు చదవండి.

ఈ సభకు మందుల దుకాణాలవారు కూడా వచ్చారని చెప్పారు. అయ్యా, చేతులు జోడించి అడుగుతున్నాను. చీటీ లేకుండా ఈ మాత్ర అమ్మబోమని రేపు దుకాణం తెరవగానే బోర్డు రాసి పెట్టండి.