గరిసె లేని పక్షుల దగ్గర
(ఒక సంఘంలో కోత పండుగ ఆరాధనలో చేసిన ప్రసంగం)

అయ్యగారికి, సంఘ పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ప్రభువు నామంలో వందనాలు.

ఆరాధన అయ్యాక జరగబోయే ఈ కానుకల వేలం మీదే పిల్లల కళ్ళన్నీ ఉన్నాయని నాకు తెలుసు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, కొత్త బియ్యం మూటలు ఉన్నాయి. ఆ మూల ఎవరో రెండు బుట్టల పండుమిర్చి పెట్టారు, దాని ఘాటు ఇక్కడిదాకా వస్తోంది. సంవత్సరంలో మన గుడి ఇంత అందంగా కనిపించే రోజు నాకు మరొకటి లేదు. క్రిస్మస్ నాటి రంగు కాగితాల కంటే ఈ మట్టి అంటిన గుమ్మడికాయే నాకు ఇష్టం.

కృతజ్ఞత గురించి మాట్లాడమని అయ్యగారు అడిగారు. ఒప్పుకున్నాను గాని, ఇంటికి వెళ్ళి కాగితం ముందు కూర్చుంటే ఒక్క ముక్కా రాలేదు. దేవుడు చేసిన మేళ్ళన్నీ వరుసగా రాస్తూ పోతే అది మా స్కూల్లో హాజరు పట్టీలా తయారైంది. ఆ కాగితం పక్కన పెట్టేశాను. నాకు కృతజ్ఞత అంటే ఏమిటో నేర్పిన చోటు గురించే చెబుతాను. అది ఉప్పలపాడు చెరువు.

గుంటూరు పక్కనే కనుక మీలో చాలామంది పిల్లలను తీసుకుని వెళ్ళే ఉంటారు. పెద్ద సరస్సేమీ కాదు, ఊరి చెరువు. నీళ్ళలో తుమ్మచెట్లు, వాటి మీద కొమ్మ కనిపించనంతగా పక్షులు. ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు. పండుగ సెలవుల్లో వెళ్ళి, అరగంట ఫోటోలు తీసుకుని, రెట్టల వాసనకు ముక్కు మూసుకుని వచ్చేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ముప్పై ఏళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను, అయినా ఆ పక్షులను నిజంగా చూసింది మాత్రం మావారి జబ్బు తర్వాతే.

మావారు మీకు తెలుసు. ఈ గుడి గాయక బృందంలో కింది స్వరం ఆయనదే. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి కొంత తిరిగి వచ్చింది, మాట రాలేదు. ఇంటికి వచ్చిన వాళ్ళందరూ ఆయనతో గట్టిగా మాట్లాడేవారు, పోయింది చెవులే అన్నట్టు. నేను కూడా రోజంతా మాట్లాడుతూనే ఉండేదాన్ని. ఇంట్లో నిశ్శబ్దం అంటే నాకు అంత భయం వేసేది. ఒకరోజు ఆయన ఎడమచేత్తో పాత కేలండర్ మీద ఉన్న కొంగ బొమ్మను చూపించారు. ఆ శనివారమే ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. ఆ తర్వాత రెండు చలికాలాల పాటు దాదాపు ప్రతి శనివారం వెళ్ళాం. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నేను గొడుగు పట్టుకుని నిలబడేదాన్ని. అక్కడ మాట్లాడవలసిన పని ఉండేది కాదు. 

ప్రభువు కొండమీద చెప్పిన మాట మనందరికీ కంఠతా వచ్చు. "ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు, కొట్లలో కూర్చుకొనవు." ఈ వాక్యంలో మనం ఎప్పుడూ రెండో సగానికే పరుగెత్తుతాం. విత్తవు, కోయవు, కాబట్టి చింతపడకు అని ఒకరికొకరు చెప్పుకుంటాం. మొదటి మాట ఆజ్ఞ అని మనకు తోచదు. ప్రార్థించుడి అన్నాడు, ప్రార్థిస్తాం. ఇయ్యుడి అన్నాడు, కానుకల పెట్టెలో వేస్తాం. చూడుడి అన్నాడు. అది ఎంతమందిమి పాటించాం? ఆ ప్రసంగాన్ని వివరిస్తూ, మన లూథరన్ సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథరు, ప్రభువు పక్షులను మనకు గురువులుగా పెట్టాడన్నాడు. దిక్కులేని పిచ్చుక మహా జ్ఞానులకు బోధకుడు కావలసి రావడం మనకు సిగ్గుచేటన్నాడు. అది చదివినప్పుడు బాగుందనుకున్నాను. ఆ పాఠానికి వెళ్ళి కూర్చోవడానికి నాకు అరవై ఏళ్ళు దాటాయి.

సరే, ఏం చూశానో చెబుతాను.

ఎర్రకాళ్ళ కొంగ చేప కోసం కళ్ళతో వెతకదు. మోకాలి లోతు బురద నీళ్ళలో దిగి, ముక్కు కొద్దిగా తెరిచి నీళ్ళలో ముంచి, తల అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కాలితో నీటిని కదిలిస్తుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. అంటే నీళ్ళ అడుగున ఏముందో తెలియకుండానే, తగులుతుందన్న నమ్మకంతో నోరు తెరిచి నడవడమే దాని జీవనం. విత్తదు, కోయదు, నిజమే, కాని పొద్దున్నుంచి నడుస్తూనే ఉంటుంది. దేవుడు పోషిస్తాడంటే గూట్లో కూర్చుంటే నోట్లో పెడతాడని కాదని నాకు ఆ కొంగ కాళ్ళు చూస్తేనే అర్థమైంది. 

ఇంకొకటి. పెరిగిన కొంగకు గొంతు దాదాపు లేదు. పిల్లలు గోల చేస్తాయి గాని, పెరిగాక కూత అంతగా వినిపించదు. గూటి దగ్గర జత పక్షిని పలకరించాలంటే ముక్కు రెండు భాగాలనూ టకటకా కొట్టుకుంటుంది. ఆ సంగతి మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఊరికే ఉన్నారు. తర్వాత కుర్చీ చేతి మీద వేళ్ళతో టకటక కొట్టారు. నేను వంగి చూస్తే నవ్వుతున్నారు, సగం ముఖంతో. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే పిలుపు. మంచం పట్టె మీద టకటక వినిపిస్తే నీళ్ళు కావాలనో, కిటికీ తీయమనో, ఊరికే పక్కకు వచ్చి కూర్చోమనో. ఆ చప్పుడు కోసం ఇప్పటికీ రాత్రి మెలకువ వస్తుంది.

బైబిలులో ఈ కొంగల జాతి పక్షి ఒకటి ఉంది. మన తెలుగు అనువాదం దాన్ని సంకుబుడి కొంగ అంటుంది. యిర్మీయా ప్రవక్త ఆ కొంగ కూడా తన కాలము నెరుగును అని చెప్పి ప్రజలను సిగ్గుపరిచాడు. లేవీయకాండంలో అదే కొంగ తినకూడని పక్షుల జాబితాలో ఉంది. అయితే హెబ్రీ భాషలో దాని పేరు హసీదా. మనం కృప అని చదువుకునే హెసెద్ అనే మాటకు అది దగ్గరి బంధువు. తినకూడనిదని పక్కన పెట్టిన పక్షినే కృప గలది అని పిలిచారు. ఎందుకని నేను ఊహించగలను. మధ్యాహ్నం ఎండ నెత్తిన పడేటప్పుడు గూటి మీద తల్లికొంగ ఎండకు వీపు పెట్టి, రెండు రెక్కలూ చాచి, కింద పిల్లల మీద నీడ పడేలా కదలకుండా నిలబడుతుంది. ఎండ జరిగితే తానూ జరుగుతుంది. ఆ వేళ దాని నోరు తెరుచుకుని రొప్పుతుంటుంది. ఒకనాడు మావారు నా చెయ్యి తట్టి ఆ గూడును చూపించారు. తర్వాత పైకి, నేను పట్టుకున్న గొడుగును చూపించారు. "ఆయన తన రెక్కలతో నిన్ను కప్పును" అనే కీర్తన నేను ఆదివారపు బడిలో నేర్చుకున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది కోడి, పిల్లలు, వెచ్చదనం. కప్పే రెక్కకు ఎండ మంట తగులుతుందని ఆ రోజుదాకా నాకు తోచలేదు. 

మంచి సంగతులే చెప్పి దిగిపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. రెండో చలికాలం, ఫిబ్రవరిలో అనుకుంటాను, గాలి ఎక్కువగా ఉన్న రోజు ఒక కొంగపిల్ల గూటి అంచు దాటి కింద పడింది. ఇంకా ఈకలు సరిగా రాలేదు. నీటి ఒడ్డున బురదలో కాసేపు మెడ ఎత్తింది. తల్లి పైనే ఉంది, దిగిరాలేదు, దిగివచ్చినా ఎత్తుకోలేదు. కాకి వచ్చింది. నేను గొడుగు ఊపి అరిచాను. కాకి రెండడుగులు వెనక్కి వేసి, నేను అలిసిపోయేదాకా ఆగింది. మావారు నా చెయ్యి పట్టుకుని కూర్చోమన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ప్రార్థన చేయలేకపోయాను.

"రెండు పిచ్చుకలు కాసుకు అమ్మబడును గదా, అయినను మీ తండ్రి సెలవులేక వాటిలో ఒకటైనను నేలను పడదు." ఈ వాక్యంతో నాకు చాలాకాలం గొడవ ఉంది. సెలవిచ్చాడన్నమాట! సెలవు ఇవ్వకుండా ఉండవచ్చు గదా! గ్రీకు మూలంలో ఉన్నది మీ తండ్రి లేకుండా అనే అర్థం మాత్రమేనని తర్వాత తెలిసింది. పడటం ఆగుతుందని ప్రభువు ఎక్కడా అనలేదు. పడే చోట తండ్రి ఉంటాడన్నాడు. నా గొడవ దాంతో పూర్తిగా తీరిందని చెప్పను. కాని మావారు పోయిన రాత్రి నేను పట్టుకోగలిగింది ఆ ఒక్క మాటనే. 

ఇక ఆ కాకి. లూకా సువార్తలో ప్రభువు ఆకాశపక్షులు అని ఊరుకోలేదు, పేరు పెట్టి చెప్పాడు. "కాకుల సంగతి విచారించి చూడుడి. అవి విత్తవు, కోయవు, వాటికి గరిసెలేదు, కొట్టులేదు. అయినను దేవుడు వాటిని పోషించుచున్నాడు." నేను గొడుగుతో తరిమినదానినే చూడమంటున్నాడు. నాకు నచ్చిన పక్షి ముందు దేవుణ్ణి స్తుతించడం తేలిక. కాకికి కూడా గూట్లో పిల్లలుంటాయి. నాకు నచ్చని దాన్ని కూడా ఆయన పోషిస్తున్నాడని ఒప్పుకున్నాకే నా కృతజ్ఞతలోంచి కొంత స్వార్థం పోయింది. కొంతే.

గరిసె, అంటే ధాన్యం గాదె, అన్నాం గనుక ఈ బియ్యం మూటల గురించి ఒక మాట. మన గుంటూరు సీమలో 1832, 1833 సంవత్సరాల్లో డొక్కల కరువు వచ్చింది. అప్పటి జిల్లా జనం సుమారు 5 లక్షలైతే, అందులో దాదాపు 2 లక్షల మంది చనిపోయారని లెక్కలు చెబుతాయి. ప్రతి ఐదుగురిలో ఇద్దరు! మన లూథరన్ సంఘానికి విత్తనం వేసిన హయ్యరు గారు గుంటూరు చేరింది 1842 జులై 31న. అంటే కరువు వెళ్ళి పదేళ్ళయినా నిండలేదు. ఆయన మొదట కలుసుకున్న వాళ్ళలో ఆ ఆకలిని దాటి బతికిన వాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది 1855లో. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది 1957లో. మన ముత్తాతల ముత్తాతలకు గరిసె ఉన్నా అందులో గింజ లేదు. ఈ మూటలో ఉన్న బియ్యం ఎన్ని చావుల తర్వాత, ఎంతమంది చేతుల మీదుగా, ఏ కాలవ నీటితో ఇక్కడికి వచ్చిందో తలచుకుంటే, వేలంలో దానికి ఇంత అని ధర పాడటానికి నాకు నోరు పెగలదు. 

ఉప్పలపాడు కొంగలు కూడా అలాగే చేతుల మీదుగా బతుకుతున్నాయి. ఆ ఊరివాళ్ళు వాటిని తరమలేదు, చెట్లు కొట్టలేదు. మనం అరగంట ఓర్చుకోలేని వాసనను వాళ్ళు ఏడాదిలో నెలల తరబడి ఓర్చుకుంటారు. దేవుడు పక్షులను పోషిస్తున్నాడన్న వాక్యంలో ఆ ఊరి ఓర్పు కూడా ఉందని నా నమ్మకం. మన ఊళ్ళో రెండు చెరువులు పూడ్చి ప్లాట్లు వేసిన సంగతి మీకు తెలుసు. అక్కడ స్థలం కొన్నవాళ్ళలో మన సంఘస్థులూ ఉన్నారు. వాళ్ళను నొప్పించాలని అనడం లేదు, కాని కోత పండుగ నాడు ఈ మాట అనకపోతే ఇంకెప్పుడు అంటాను?

కన్ఫర్మేషన్ తరగతిలో మనం నేర్చుకున్న చిన్న కాటెకిజంలో, అంటే 1529 నాటి ప్రశ్నోత్తరాల బోధ పుస్తకంలో, విశ్వాస ప్రమాణం మొదటి భాగానికి లూథరు రాసిన వివరణ గుర్తు తెచ్చుకోండి. దేవుడు నన్నూ సమస్త ప్రాణులనూ కలుగజేశాడంటాడు. ఒళ్ళు, కళ్ళు, చెవులు, బట్టలు, చెప్పులు, అన్నం, ఇల్లు, భార్యాబిడ్డలు, పొలం, పశువులు అని వరుసగా చెబుతాడు. ఇదంతా నా యోగ్యత వల్ల కాదు, తండ్రి కనికరం వల్ల అంటాడు. చిన్నప్పుడు ఆ జాబితాలో చెప్పులు ఎందుకని నవ్వుకునేవాళ్ళం. మావారి కాలికి చెప్పు తొడగడానికి రోజూ పది నిమిషాలు పట్టిన రెండేళ్ళూ నాకు ఆ మాట దగ్గర నవ్వు రాలేదు. తొడిగాక ఆయన వేళ్ళతో టకటక కొట్టేవారు, అయిపోయిందని.

నేను తెచ్చింది ఆ మూల ఉన్న చిన్న బియ్యం సంచి. ఎవరు పాడుకున్నా సంతోషమే. వేలానికి ముందు నాదొక మనవి. రెండు నిమిషాలు పాట, ప్రార్థన ఏమీ వద్దు. కిటికీల అవతల వేపచెట్టు ఉంది, దాని మీద ఇందాకటి నుంచీ ఏవో పిట్టలు ఉన్నాయి, నేను మాట్లాడుతూనే గమనిస్తున్నాను. తలుపులు తీసే ఉంచండి. బాబూ, ఆ మైకు ఆపుతావా.